సెలవు చీటీలో డాడీ

ఈమధ్య మా వీధిలో నాన్నలు కనబడటం లేదు. కంగారు పడకండి, మనుషులు క్షేమంగానే ఉన్నారు. పొద్దున్నే పాలపాకెట్లు తెస్తున్నారు, బళ్ళు తుడుచుకుంటున్నారు, కరెంటు బిల్లు చూసి నిట్టూరుస్తున్నారు. కాకపోతే అందరూ డాడీలైపోయారు.

అందుకు నాకేమీ పేచీ లేదు. పాలపళ్ళ పిల్ల ఏ మాటతో పిలిచినా ముద్దే. నా పేచీ అల్లా, ఆ డాడీ ఇంటి గడప దాటి ఊరేగడం మీద. గడ్డాలూ మీసాలూ వచ్చి, ఇంటి లోను కూడా తీసుకున్నవాడు మేనేజరుకు సెలవు చీటీ రాస్తూ "మై డాడీ ఈజ్ నాట్ వెల్" అంటాడు. ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చుని "మై డాడీ ఈజ్ ఎ ఫార్మర్" అంటాడు. అడిగేవాళ్ళు పెద్దమనుషులు కాబట్టి నవ్వు బిగపట్టుకుంటారు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇవన్నీ చూసి నోరు మూసుకుంటే ఇన్నాళ్ళూ తిన్న జీతం అరగదు.

ఇంగ్లీషు రాకపోవడం నేరం కాదు. మా రోజుల్లో సగం ఊరికి రాదు. కానీ వచ్చిన నాలుగు ముక్కల్లో ఏ ముక్క ఎక్కడ వాడాలో తెలిసి చచ్చేది. ఇంట్లో లుంగీ కట్టుకుంటాం, బజారుకు పంచె కడతాం, పెళ్ళికి జరీ అంచు పంచె తీస్తాం. మనిషి ఒకడే, కట్టు మూడు రకాలు. డాడీ లుంగీ, డాడ్ రోజువారీ పంచె, ఫాదర్ జరీ పంచె. ఇప్పటివాళ్ళు లుంగీతో కలెక్టరాఫీసుకు బయలుదేరుతున్నారని నా ఏడుపు.

మా ఇంట్లో నాన్నగారు. పక్క వీధిలో అయ్య. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా లెక్కల మాస్టారి ఇంట్లో బాబు. తెలంగాణలో బాపు, నాయిన. సీమలో నాయన. ఎవరి పిలుపు వాళ్ళది. ఆ మాటకొస్తే మేం నాన్నగారిని పిలిచిన సందర్భాలే తక్కువ. ఏదన్నా కావాలంటే అమ్మతో చెప్పేవాళ్ళం, అమ్మ సమయం చూసి ఆయన చెవిన వేసేది. జవాబు కూడా అమ్మ నోటి నుంచే వచ్చేది. అది మంచి పద్ధతని నేననను. ఇప్పటి పిల్ల తండ్రి భుజమెక్కి ముక్కు గుంజుతుంటే చూడటానికి నాకూ బాగానే ఉంటుంది. అయితే ఆ దూరంలో మాకొకటి అబ్బింది. పిలిచే మాట వేరు, నలుగురిలో చెప్పుకునే మాట వేరు, కాగితం మీద రాసే మాట వేరు అని మాకు ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసింది. ఇంట్లో నాన్నగారు, ఊళ్ళో "మా తండ్రిగారు", దరఖాస్తులో "తండ్రి పేరు". తండ్రి అనే మాటతో తండ్రిని పిలిచినవాణ్ణి నేను చూడలేదు. తండ్రీ అని పిలిస్తే దేవుణ్ణి పిలవాలి, లేదా ముద్దొచ్చి కొడుకుని పిలవాలి.

ఆ తెలివి ఉన్నవాడికి ఇంగ్లీషు ఫాదర్ ఇట్టే పట్టుబడేది. మా మాస్టారు ఉత్తరం రాయడం నేర్పినప్పుడు "మై డియర్ ఫాదర్" అని మొదలుపెట్టి, "యువర్ లవింగ్ సన్" అని ముగించమనేవారు. దాన్ని మేం హాస్టలుకు వెళ్ళాక నిజంగానే వాడాం. ఆ ఉత్తరాల్లో ప్రేమ మొదటి వాక్యంలో, ఆరోగ్యం రెండో వాక్యంలో, మనియార్డరు మూడో వాక్యంలో ఉండేవి. నాన్నగారికి ఇంగ్లీషు రాదు. పోస్టుమాస్టరు దగ్గరికి పట్టుకెళ్ళి చదివించుకునేవారు. అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా వినేవారు. కొడుకు తనను "మై డియర్ ఫాదర్" అన్నాడని తెలిసి ఆయన డబ్బు కాస్త ఎక్కువే పంపేవారు. అదే ఉత్తరంలో "హాయ్ డాడీ" అని ఉంటే? పోస్టుమాస్టరు చదవడానికి సిగ్గుపడేవాడు, మనియార్డరు కూడా వచ్చేది కాదు.

ఇక టెలిగ్రాం సంగతి. సైకిలు మీద తంతి మనిషి వీధిలోకి వస్తే చాలు, ఇంటింటా గుండెలు దడదడలాడేవి. "ఫాదర్ సీరియస్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ." నాలుగే మాటలు. తంతికి మాటల లెక్కన డబ్బు. డాడ్ అన్నా ఒక మాటే, ఫాదర్ అన్నా ఒక మాటే, కట్టే రుసుము ఒకటే. అయినా ఈ దేశంలో ఎవడూ "డాడీ సీరియస్" అని తంతి కొట్టించలేదు. కొట్టిస్తే అందుకున్నవాడు రైలెక్కేవాడో లేదో కూడా అనుమానమే, ఎవరో పిల్లల ఆట అనుకునేవాడు. 2013 జూలైలో టెలిగ్రాం మూతబడింది. దాంతోబాటు ఆ మాట బరువు కూడా మూతబడిందేమోనని నా అనుమానం. ఇప్పుడు వాట్సాప్‌లో "డాడీ ఇన్ ఐసీయూ" అని వచ్చి, దాని పక్కన చేతులు జోడించిన బొమ్మ ఉంటుంది. కింద నలభై మంది బొటనవేలు ఎత్తి చూపిస్తారు.

"మాస్టారూ, ఇంగ్లీషువాళ్ళే డాడీ అంటారుగా, మనం అంటే తప్పేమిటి" అని ఒక కుర్రాడు నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్నే, అందుకే తీరిగ్గా చెప్పాను, మీరూ వినండి. ఇంగ్లండులో డాడీ పసిపిల్లల మాట. పిల్లవాడు కాస్త ఎదిగేసరికి అది డాడ్ అవుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ, ఐర్లండులోనూ పెద్దవాళ్ళు కూడా డాడీ అనే అంటారు, అది వాళ్ళ ఊరి అలవాటు. కానీ ఎక్కడైనా సరే, కోర్టు కాగితంలో, ఆఫీసు ఉత్తరంలో ఫాదరే. వాళ్ళు రెండు మాటలూ ఉంచుకున్నారు, ఎక్కడిది అక్కడ వాడారు. మనం ఒక్కటే తెచ్చుకుని అన్నిచోట్లా వాడుతున్నాం.

పైగా ఈ మర్యాద మాటలు కాలాన్నిబట్టి తలకిందులవుతాయి కూడా. డికెన్స్ 1855 నుంచి 57 దాకా విడతలుగా రాసిన లిటిల్ డారిట్ నవలలో మిసెస్ జనరల్ అని ఓ మర్యాదలమ్మ ఉంది. కొత్తగా డబ్బు వచ్చిన ఇంటి పిల్లకు నాజూకులు నేర్పడం ఆవిడ ఉద్యోగం. ఆ పిల్ల పాపం చిన్నప్పటి నుంచీ తండ్రిని ఫాదర్ అనే పిలుస్తుంది. ఆవిడ వెంటనే అడ్డం పడుతుంది. ఫాదర్ అనడం కాస్త మోటుగా ఉందట, పాపా అనాలట, ఆ అక్షరం పలికితే పెదవులు అందంగా కుదురుతాయట! అంటే ఆ రోజుల్లో గొప్పింటి మాట పాపా, సామాన్యుల మాట ఫాదర్. పాపా ఫ్రెంచివాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న సరుకు, అందుకే అంత మోజు. తర్వాత ఆ మోజు తీరి పాపా పాతబడింది. పూర్తిగా పోలేదనుకోండి. 2022 సెప్టెంబరులో రాణీ ఎలిజబెత్ పోయిన మర్నాడు చార్లెస్ రాజు టీవీలో ప్రసంగించాడు. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్ళు. చివర్లో తల్లిని మమా అనీ, అంతకుముందే పోయిన తండ్రిని పాపా అనీ తలచుకున్నాడు. రాజ్యం గురించి మాట్లాడినంతసేపూ రాజభాషే. బిడ్డగా వీడ్కోలు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రమే ఇంటి మాట బయటికి తీశాడు. ఎప్పుడు తీయాలో తెలిసి తీశాడు కాబట్టే అది జనం మనసుకు తగిలింది.

డాడ్ నిన్న మొన్నటి మాట కాదు. షేక్‌స్పియర్ కింగ్ జాన్ నాటకంలో ఓ పాత్ర చిన్ననాటి ముచ్చట చెబుతూ ఆ మాట వాడుతుంది. ఇక ఫాదర్‌దైతే మహా పాత వంశం. మన సంస్కృత పితృకూ, లాటిన్ పాతెర్‌కూ అది దాయాది. మొదటి ప-కారం జర్మను వైపు భాషల్లో ఫ-కారమైందని గ్రిమ్ అనే పండితుడు 1822లో సూత్రం కట్టి చూపించాడు. పితృకార్యం చేసేవాడికి ఫాదర్ పరాయివాడేమీ కాదని నేను క్లాసులో చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు. ఇప్పుడు చెబితే "సిలబస్‌లో ఉందా సార్" అంటారు.

డాడ్, పాపా, నాన్న, బాబు ఇవన్నీ వేరే జాతి. ఇవి పసివాడి నోట పుట్టినవి. మర్డాక్ అనే ఆయన ప్రపంచ భాషల నుంచి అమ్మానాన్నల పేర్లు వెయ్యికి పైగా పోగేశాడు. యాకోబ్సన్ అనే భాషావేత్త వాటిని ముందేసుకుని, పెదవులతోనూ పళ్ళతోనూ తేలిగ్గా పలికే మ, ప, త, న లాంటి అక్షరాలే ఎక్కడ చూసినా ఎందుకు వస్తున్నాయో వివరించాడు. పిల్లవాడు ఊరికే చేసిన చప్పుడును "అదిగో నన్నే పిలిచాడు" అని తండ్రి పంచుకుంటాడు, అంతే. అంటే నాన్న పోయి డాడీ వచ్చిందంటే పసిమాట పోయి పసిమాటే వచ్చింది. అందుకే ఇంట్లో డాడీ అంటే నేను నోరెత్తనన్నది.

అసలు ఈ డాడీ మన ఇళ్ళలోకి ఏ దారిన వచ్చాడు? ఇంగ్లండు నుంచి ఓడెక్కి రాలేదు, సినిమాహాల్లోంచి వచ్చాడు. మా రోజుల్లో తెర మీద డాడీ అంటే మేడ మెట్లు దిగి వచ్చే మనిషి. ఒంటి మీద పట్టు గౌను, నోట్లో పైపు, వెనకాల ఆల్సేషన్ కుక్క. హీరోయిన్ టెన్నిస్ బ్యాటు ఊపుకుంటూ వచ్చి "డాడీ!" అని మెడకు చుట్టుకునేది. హీరోకు డాడీ ఉండేవాడు కాదు, కుట్టుమిషను తొక్కే అమ్మ ఉండేది. మేం బెంచీ టిక్కెట్టు కొనుక్కుని చూసి, డాడీ అంటే డబ్బున్న తండ్రి అని అర్థం చేసుకున్నాం. తర్వాత కాన్వెంట్లు సందుసందునా వెలిశాక ప్రతివాడూ తన పిల్ల చేత డాడీ అనిపించుకుని, మేడ లేకపోయినా మెట్లు దిగినంత సంబరపడ్డాడు. 2001లో చిరంజీవి సినిమాకు ఏకంగా డాడీ అనే పేరు. పదిహేనేళ్ళు గడిచాయి, 2016లో నాన్నకు ప్రేమతో వచ్చింది. 2023లో హాయ్ నాన్న. పలకరింపు ఇంగ్లీషు, పిలుపు తెలుగు. సినిమావాళ్ళకు గాలి ఎటు తిరుగుతోందో మనకంటే ముందు తెలుస్తుంది, వాళ్ళ వ్యాపారం అది.

గాలి తిరగడం నిజమే. అమెరికాలో ఉన్న మా బంధువుల పిల్లలను చూడండి. బళ్ళో స్నేహితులతో "మై డాడ్" అంటారు, ఇంట్లోకి రాగానే నాన్నా అంటారు. వాళ్ళ అమ్మానాన్నలు పట్టుబట్టి నేర్పించారు, శనాదివారాల్లో తెలుగు బడికి కూడా పంపుతారు. వాళ్ళు సెలవులకు ఇక్కడికి వస్తే, ఇక్కడి పిల్లలు డాడీ అంటుంటే తెల్లబోతారు. ఇంగ్లీషు దేశంలో నాన్న, తెలుగు దేశంలో డాడీ! ఏ పిల్ల ఏ ఊరిదో పిలుపునుబట్టి చెప్పబోతే తప్పులో కాలేస్తాం.

ఇంకో తమాషా. డాడీ వచ్చినా మన చుట్టరికాలు మారలేదు. డాడీ అన్నగారు పెదనాన్న, తమ్ముడు చిన్నాన్న. కాబట్టి ఇంట్లో నాన్న లేడు గాని, ఆయనకు పెద్దా చిన్నా ఇద్దరున్నారు. కాన్వెంటు పిల్లలకు మరో చిక్కు. అక్కడ ఫాదర్ అంటే తెల్ల అంగీ ప్రిన్సిపాల్. "ఫాదర్ రమ్మన్నారు" అని మనవరాలు చెబితే నాయనమ్మ "మీ నాన్న పెరట్లోనే ఉన్నాడుగా, వెళ్ళు" అంది. పెళ్ళయితే మరీ గందరగోళం. మామగారిని కోడలు డాడ్ అంటుంది, అల్లుడు అంకుల్ అంటాడు. మావయ్యగారూ అని నిండుగా పిలిచే నోరు వీధికొకటి దొరకడం గగనం.

వీటన్నిటి మధ్య నేను గమనించిన సంగతొకటి ఉంది, అది చెబితే మా ఆవిడ కూడా ఔనంది. పిల్ల చేత డాడీ అనిపించుకునే ఆ తండ్రే పిల్లవాణ్ణి ఎత్తుకుని ఏమంటాడు? "నాన్నా, పాలు తాగావా? ఏడవకు నాన్నా." మన నాన్న రెండు వైపులా నడిచే మాట. కొడుకు తండ్రిని అనొచ్చు, తండ్రి కొడుకునీ కూతుర్నీ అనొచ్చు. డాడీకి ఆ విద్య లేదు. ఏ ఇంగ్లీషు తండ్రీ బిడ్డను ఎత్తుకుని "ఏడవకు డాడీ" అనడు. కాబట్టి నాన్న ఇల్లు వదిలిపోలేదు. పైనుంచి కిందికి మాత్రమే పనిచేస్తున్నాడు, కింది నుంచి పైకి పిలిచే పని డాడీ లాక్కున్నాడు. సగం ఉద్యోగం ఊడినా బతికున్నాడు, అంతవరకు సంతోషం.

సంతోషం కాగితాల దగ్గరకొచ్చేసరికి ఆవిరవుతుంది. ఏ దరఖాస్తు తీసినా "ఫాదర్స్ నేమ్" అని అచ్చేసి ఉంటుంది. డాడీస్ నేమ్ అని అడిగే ఫారం ఇంతవరకు నా కళ్ళబడలేదు. కన్నవాళ్ళ పేర్ల దగ్గర నిబంధనలు మారాయి, 2016 చివరి నుంచి పాస్‌పోర్టు దరఖాస్తుకు తల్లి పేరు ఒక్కటి ఇచ్చినా చాలు. మంచి మార్పే. కానీ మాట మాత్రం ఫాదరే. అది చదివి కూడా కింద సంతకం చేసేవాడు జ్ఞానం తెచ్చుకోడు. నోటితో చెప్పమంటే "మై ఫాదర్ నేమ్ ఈజ్" అంటాడు. ఆ నేమ్‌కు ముందు ఒక అపాస్ట్రఫీ, ఒక ఎస్ ఉండాలి నాయనా! ఎల్‌కేజీ సీటు కోసం బట్టీ పట్టినప్పుడు సరిగ్గానే పట్టాడు, ఎదిగేకొద్దీ రాలిపోయింది.

ఇంకో నియమం ఉంది, అది అడిగితే పీజీలు చేసినవాళ్ళు కూడా తల గోక్కుంటారు. పేరుకు బదులు వాడినప్పుడు డాడ్‌కు మొదటి అక్షరం పెద్దది, ముందు "మై" ఉంటే చిన్నది. ఫాదర్‌కూ అంతే. ఫోనులో దానంతట అదే పెద్దదయ్యే అక్షరాన్ని నమ్ముకున్నవాడికి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

గాంధీగారు ఫాదర్ ఆఫ్ ది నేషన్. డాడ్ ఆఫ్ ది నేషన్ అని చూడండి, మీకే నవ్వొస్తుంది. పాత చింతకాయ జోకులు వేసి ఎవరూ నవ్వకపోయినా తనే నవ్వుకునే తండ్రి పేరున "డాడ్ జోక్" అని ఇంగ్లీషులో మాట పుట్టింది. దాన్ని ఫాదర్ జోక్ అంటే చప్పబడుతుంది. ఏ మాటకు ఏ పనో ఆ భాషే చెబుతోంది, వినే చెవి ఉండాలి. జూన్ మూడో ఆదివారం వచ్చే పండగనే చూడండి. 1910లో అమెరికాలోని స్పోకేన్ ఊళ్ళో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆవిడ పూనికతో మొదలైంది. తల్లి పోయాక పిల్లలందరినీ తండ్రి ఒక్కడే పెంచాడని ఆవిడ ఆరాటం. 1972లో నిక్సన్ సంతకంతో అది చట్టమైంది. ఆవిడ ఇంటిపేరు స్పెల్లింగు వేరు (Dodd) గాని, చెవికి మాత్రం డాడే! అయినా పండగకు ఫాదర్స్ డే అనే పేరొచ్చింది. అక్కడి అంగళ్ళలో అమ్మే కార్డు మీద పైన ఫాదర్స్ డే అనీ, లోపల డాడ్ అనీ ఉంటుంది. ఒకే కార్డులో రెండు మాటలూ ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. నేను నెత్తీ నోరూ బాదుకుని చెబుతున్నది ఆ కార్డు అణాపైసలకు చెబుతోంది.

మనవాళ్ళు ఆ పండగ మాత్రం వదలరు. ఆ రోజు పొద్దున్నే స్టేటస్ పెడతారు. మై హీరో, మై కింగ్, మై సూపర్ డాడీ. ఆ సూపర్ డాడీ పక్క గదిలో మోకాళ్ళనొప్పితో కూర్చుని, చదువుకోవడానికి పేపరెక్కడుందో కనుక్కుంటూ ఉంటాడు. ఆయన స్టేటస్ చూడడు, ఆయన ఫోను పాత నోకియా.

కాబట్టి చివరిగా మాస్టారి మాట. ఇంట్లో మీ ఇష్టం, నాన్న అనండి, డాడీ అనండి, ఆయన పలికితే చాలు. స్నేహితులతో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు డాడ్ అనండి, చక్కగా ఉంటుంది. మేనేజరుకు, బ్యాంకుకు, డాక్టరు కాగితానికి, వీసా ఇంటర్వ్యూకు ఫాదర్. వీలైతే మన పాత ఆఫీసు గుమాస్తాల్లాగా "మా ఫాదర్‌గారు" అనండి. ఇంగ్లీషు మాటకు గారు తగిలించిన ఘనత మనదే, దాన్ని పోగొట్టుకోకండి. ఇంత చెప్పినా సెలవు చీటీలో డాడీ అని రాసేవాడికి సెలవు దొరకొచ్చు, రోజులు అలా ఉన్నాయి. నా దగ్గరికి తెస్తే మాత్రం అర మార్కు కోస్తాను. రిటైరయ్యాక సర్కారు కుర్చీ తీసుకుంది గాని, ఎర్ర సిరా పెన్ను తీసుకోలేదు.